పళ్లు చూసే పెద్దాయన

పందొమ్మిది వందల యాభైలలో ఒక ఎండాకాలం ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో పోతున్నాను. ఒళ్లో చిన్న గుడ్డమూట, అందులో బేతంచెర్ల గుహలో నేను తవ్వి తీసిన పిడికిలంత పన్ను. పక్కన కూర్చున్న ముసలాయన పశువుల దళారి. మూటలో ఏముందని అడిగితే విప్పి చూపించాను.

"వేల ఏళ్ల కిందటే అంతరించిన మృగానిది. ఇప్పటి ఖడ్గమృగానికి తాత వరస," అన్నాను కాస్త గొప్పగా. "ముసలిదై గుహలో పడి చచ్చింది. ఆఫీసుకు ఇచ్చే రిపోర్టులో అదే రాశాను."

ఆయన దాన్ని వెలుగుకు తిప్పి, బొటనవేలితో పైన రుద్దాడు. సంతలో ఎద్దు నోరు తెరిచి వయసు చెప్పే వేలది.

"ముసలిదని ఎవురు సెప్పినారప్పా నీకు? పంటిమీద గట్లు అరగనే లేదు సూడు. మంచి వయసులో పోయినాది."

చూశాను. నిజమే. ఆ కుదుపుల్లోనే సంచిలోంచి రిపోర్టు, పెన్సిలు తీసి ఆ వాక్యం కొట్టేశాను.

"సేద్యానికి వస్తాదా?" అన్నాడాయన, ముఖంలో నవ్వు కనబడనీయకుండా.

"అది ఇప్పుడు లేదు పెద్దాయనా."

దిగేటప్పుడు పన్ను నా చేతిలో పెట్టాడు. "ఒంటిదాన్ని ఎవురూ కొనరప్పా. జత దొరికితే సెప్పు, సంతకు తోలకపోదాం."

ఆ తర్వాత చాలా గుహలు తవ్వాను. జత ఇంకా దొరకలేదు.