రేవు నుంచి హవాయి పట్టీకి

ఇంద్రావతి మీద భోపాల్‌పట్నం దగ్గర ఇంకా వంతెన పడని రోజుల్లో నేను రేవులో జీపు నడిపేవాణ్ణి. అవతలి ఒడ్డు నుంచి పడవ రాగానే జనాన్ని ఎక్కించుకుని బీజాపూర్, గీదం చేర్చడం నా పని. ఇనుప కొండల్లో గనులు జోరుగా నడుస్తున్న కాలం. రెండు ఒడ్ల మగవాళ్లూ కూలికి అక్కడికే పోయేవాళ్లు.

అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. యాభై దాటాక, జీపు అమ్మేసి, పొద్దుపోక నేర్చుకున్నాను. కానీ రాదన్న సంగతి రేవులో ఎవరికీ తెలియదు. లైసెన్సు ఉన్నవాడికి చదువు రాకపోవడం ఏమిటని వాళ్ల నమ్మకం. అందుకే అవతలి ఊళ్లకు వచ్చే చీటీలన్నీ నా చేతిలో పెట్టేవాళ్లు. తెచ్చినవాడు నోటితో చెప్పింది గుర్తు పెట్టుకుని, కాగితం ముఖానికి దగ్గరగా పట్టుకుని, అదే అప్పజెప్పేవాణ్ణి. ఏళ్ల తరబడి దొరకలేదు.

ఒక పొద్దున పడవలోంచి ఒక ఆడమనిషి దిగింది. ముప్పై ఏళ్లుంటాయి. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఆమె మగడు కొండ మీద రాళ్లు పేల్చే చోట కూలీ. ముందు రోజు సాయంత్రం బస్సు కండక్టరు ఆమె కోసం గని నుంచి చీటీ తెచ్చి పడవవాడికి ఇచ్చి పోయాడట. హిందీలో రాసిన చీటీ. దాన్ని నా ముందు చాపింది.

"అన్నా, ఆయన మీద రాయి పడ్డదంట. ఏం రాసిండ్రో జర చూడు."

ఈసారి నోటిమాట ఏదీ నాకు అందలేదు. కాగితం వంక కాసేపు చూశాను. దెబ్బ తగిలినవాణ్ణి ఎక్కడ పెడతారు? గని ఆసుపత్రిలోనే కదా అనుకున్నాను.

"కొండకాడ దవాఖానల ఉన్నడు. ఆడికే రమ్మన్నరు."

"మరి విమానంల ఎక్కిచ్చి పెద్ద దవాఖానకు తీస్కపోతరని కండక్టరు అన్నడంట గదా? పడవ మామ చెప్పిండు."

నేను పగలబడి నవ్వాను. జీపులో ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు అన్నాను.

"నీ మొగడేమన్న కలెక్టరా చెల్లె? రాళ్లు మోసేటోనికి విమానం ఏంది? ఎక్కితె కిందికి చూసి కండ్లు తిరిగే సస్తడు!"

అందరూ నవ్వారు. ఆమె కూడా సిగ్గుపడి కొంచెం నవ్వింది. అది చూసి నేను గెలిచాననుకున్నాను.

జీపు నిండితే గానీ కదలదు. అది రేవు పద్ధతి. మనుషులు, కోళ్ల గంపలు, ఇప్పపువ్వు మూటలు నిండేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. ఆమె రెండుసార్లు "పోదామన్నా" అంది. రెండోసారి కసిరాను.

గీదంలో మిగతా వాళ్లంతా దిగిపోయారు. అక్కడ రోడ్డు చీలుతుంది. ఒకటి గనులకు, ఒకటి జగదల్‌పూర్‌కు. హవాయి పట్టీ, అంటే చిన్న విమానాలు దిగే మైదానం, జగదల్‌పూర్‌లో ఉంది. నేను జీపును గనుల వైపు తిప్పాను.

ఆసుపత్రి గేటు దగ్గర గుమస్తా చీటీ చదివి, నా మొహం చూశాడు. నాలుగింటికి విమానం, తిన్నగా జగదల్‌పూర్ హవాయి పట్టీకే రమ్మని ఇంత స్పష్టంగా రాస్తే ఇక్కడికెందుకు తెచ్చావని హిందీలో అరిచాడు. "పఢ్‌నా నహీ ఆతా క్యా?" అన్నాడు. చదవడం రాదా అని.

నేను ఆమె వైపు వేలు చూపించాను. "ఈమే ఇటు పదమంది సాబ్. మొద్దు మనిషి, ఎంత చెప్పినా వినలేదు" అని హిందీలోనే చెప్పాను. ఆయన ఆమెను తిట్టాడు. ఆమెకు హిందీ రాదు. తిట్లని మాత్రం అర్థమై తల వంచుకుంది.

జగదల్‌పూర్ తీస్కపోయిండ్రంట అని మాత్రం ఆమెకు చెప్పి, వచ్చిన దారినే వెనక్కి కొట్టాను. దారి పొడుగునా ఆమె ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మేం మైదానం చేరేసరికి పొద్దు గుంకుతోంది. తీగ కంచె లోపల పశువులు మేస్తున్నాయి. విమానం లేదు. చౌకీదారు ఒక్కడే ఉన్నాడు.

వాడు హిందీలో చెప్పాడు. నాలుగింటికి లేవాల్సిన విమానాన్ని అరగంట ఆపారట. స్ట్రెచరు మీద ఉన్నవాడు రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా తల ఎత్తి "ఘర్‌వాలీ ఆయీ క్యా?" అని అడిగాడట, మా ఇంటిది వచ్చిందా అని. లోపలికి ఎక్కించేటప్పుడు కూడా అడిగాడట. ఇంకా ఆగితే అక్కడ దిగేసరికి చీకటి పడుతుందని లేపేశారట.

ఆమె నా చొక్కా చెయ్యి పట్టి గుంజింది.

"ఏమంటుండన్నా? ఆయన నన్ను అడిగిండంటనా?"

అరగంట ఆపారంటే తిన్నగా వచ్చి ఉంటే అందుకునేవాళ్లమని ఆమెకు తెలిసిపోతుంది. అడిగాడంటే, ఎంతసేపు అడిగాడని అడుగుతుంది.

"విమానం పొద్దుగాలనే పోయిందంట. మత్తు సూది ఇచ్చిండ్రంట, సోయి లేదంట. ఎవ్వర్నీ అడగలేదంట."

"ఒక్కసారన్న అడగలేదా?"

"లేదంటుంటె!"

ఆమె కంచె పక్కన కూర్చుండిపోయింది. నేను జీపులో కూర్చుని బీడీ తాగాను.

మూడో రోజున అతను విమానంలో తీసుకుపోయిన ఆ పెద్ద దవాఖానలోనే పోయాడు. ఆ తర్వాత కూడా ఆమె అంగడి రోజున నా జీపే ఎక్కేది. ఆడవాళ్లు మగవాళ్ల ముచ్చట తీస్తే, "మా ఆయన పోతపోత నన్ను అడగనన్న అడగలే. పదేండ్లు వండి పెట్టిన" అనేది. మొదట్లో ఏడుస్తూ అనేది. తర్వాత తర్వాత కోపంగా అనేది. అతని పేరు మీద అన్నం పెట్టడం మానేశానని ఒకసారి చెప్పింది. నేను స్టీరింగు పట్టుకుని అన్నీ విన్నాను.

ఆమె ఇంకా బతికే ఉంది. కోడళ్లకు కూడా అదే చెబుతుందని విన్నాను. నేను వెళ్లి నిజం చెప్పలేదు. వెళ్లి చెబుతానని ఇక్కడ రాయను.