సుగ్గికి వెళ్లిన రేణుక పెన్ను

మా తమ్ముడి కూతురు రేణుక సొంతంగా చేసిన పెన్నుతో మొన్న నవంబరులో మా బడి గోడ మీద మొదటి గీత గీసింది. సిరా లేదు, సుద్ద లేదు. గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మ పడుతోంది. దాని మీద పెన్ను ఆనించి లాగితే ఎర్రటి గీత వెంట వచ్చింది. నెలల తరబడి సతాయించిన గీత! "పెద్దనాయనా, వచ్చె! వచ్చె!" అని రేణుక గంతులేస్తే, మోకాళ్ల నొప్పి మరిచి నేనూ లేచి నిలబడ్డాను.

హొళగుంద పక్కన మాది మెట్ట ఊరు. నా చదువు ఈ బడిలోనే ఐదుతో ఆగింది. రేణుక మాత్రం మా వాడలో పది పాసైన మొదటి ఆడపిల్ల. ఆదోనిలో ఐటీఐ చేసింది. ఎమ్మిగనూరులో టీవీలు బాగుచేసే అంగట్లో పని. ఇక బాగుపడదని ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన టీవీని ఆ పిల్ల వెలిగించింది, నేను కళ్లారా చూశాను. ఆదివారం మాత్రం ఊరికొచ్చి బడి పిల్లలకు పాఠాలు చెబుతుంది.

వానలు మొహం చాటేస్తే మా వైపు సగం ఊరు మిరప కోతకు గుంటూరు వైపు వెళ్తుంది. దాన్నే సుగ్గి అంటాం. పిల్లలు కూడా వెంటే. రేణుక చదువు చిన్నప్పుడు అలాగే రెండేళ్లు వెనకబడింది. తన దగ్గర పాఠాలు వినే ఐదో తరగతి పిల్ల దీపకు ఆ గతి పట్టకూడదని ఈ ఏడు పంతం పట్టింది. పట్నం బళ్లలో లాగా గోడ మీద పాఠం ఆడితే, దీపను అమ్మానాన్నలు ఊళ్లోనే వదిలి వెళ్తారని రేణుక ఆశ.

బడిలో ప్రొజెక్టర్ ఉంది, దాని మీద రాసే సాధనం లేదు. టీవీ రిమోట్ కొనన ఉండే చిన్న బల్బు కంటికి కనపడని వెలుగు ఇస్తుందట. దాన్ని పెన్నులో అమర్చింది. కొన గోడకు ఒత్తుకుంటే బల్బు వెలుగుతుంది, పిల్లల వెనక పెట్టిన కెమెరా దాన్ని పట్టి తన పాత ల్యాప్‌టాప్‌కు చెబుతుంది, అది గోడ మీద అక్కడే గీత వేస్తుంది. మామూలు వెలుగు అడ్డురాకుండా కెమెరా కంటికి ఫొటో స్టూడియోలో అడిగి తెచ్చిన నల్ల నెగటివ్ ముక్క అతికించింది. స్కెచ్ పెన్ను గొట్టాలు పిల్లల పట్టుకు పగిలిపోతే, మగ్గాల మీద నూలు చుట్టే కండె తెచ్చి అందులో బిగించింది. అయినా పగలు గీత పిచ్చిపట్టినట్టు గెంతేది. ఎండలోనూ ఆ కనపడని వెలుగే ఉంటుందని తర్వాత తెలిసింది. నా గొర్రెబొచ్చు కంబళి తెచ్చి కిటికీకి కట్టాను. అప్పుడు లొంగింది గీత!

సుగ్గి లారీ రావడానికి ముందటి ఆదివారం హెడ్మాస్టరు దేవేంద్రప్ప తల్లిదండ్రులను పిలిపించారు. రేణుక గోడ మీద తుంగభద్రను గీస్తుంటే అందరూ నోళ్లు తెరిచారు. దీప తండ్రి బజారి మాత్రం విసురుగా లేచాడు.

"ఈ సినిమా సూస్తే కడుపు నిండుతాదా?"

గోడ దగ్గరికి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పక్కనున్న హెడ్మాస్టరుకు కనపడకుండా కాలే బీడీని వీపు వెనక దాచుకున్నాడు. అంతే! అతని తెల్ల చొక్కా మీద ఎర్రగీత పాకింది. చెయ్యి కదిలితే గీత కదిలింది. బడంతా ఘొల్లుమంది.

"ఏందిరా నగుతాండారు?" అని బజారి తిరిగాడు.

"మామా, నీ బీడీ రాస్తాండాది!" రేణుక కడుపు పట్టుకొని నవ్వింది. "నిప్పులో గూడా ఆ వెలుగే ఉంటాది!"

"నీ బీడీకి గూడా రాత వచ్చెనే, నీకే రాకపాయె!" అని అతని భార్య హనుమంతమ్మ అంటించింది.

బజారి సిగ్గుపడుతూ బీడీ నలిపేసి పెన్ను అందుకున్నాడు. వంకర గీత ఒకటి గీసి, ఊరంతా చూశారా లేదా అన్నట్టు వెనక్కి చూశాడు. ఇదే అదనని రేణుక అడిగింది. "దీపను ఈడే ఇడిసిపో మామా."

"మా యమ్మకు కండ్లు కనపడవు. ఆడబిడ్డను ఎవురి మింద ఇడిసిపోయేది?"

రేణుక మొహం వాడిపోయింది. హనుమంతమ్మ మొగుడి చేతిలోని పెన్ను తీసుకొని చూసింది.

"పట్నం బోర్డు గోడకు బిగిస్తారంట, అది కదల్దు. నీది సంచిలో పట్టేదే గదమ్మా! ఆడ కూలోళ్ల షెడ్డుకు గోడ ల్యాదా, కరెంటు ల్యాదా?"

రేణుక పెన్ను తీసి సంచిలో వేసుకుంది. "అయితే నేనూ వస్తా. పగలు కాయ కోస్తా, పొద్దుగూకినాక పాఠం."

"ప్రొజెక్టర్ పగిలిందంటే నన్ను పగలగొడతారు తల్లీ," అంటూనే దేవేంద్రప్ప దాన్ని చీరగుడ్డలో చుట్టి ఇచ్చారు. అంగడి యజమాని కూడా, ఇంత మంచి పనికి అడ్డురానని సెలవిచ్చాడు.

నిన్న రేణుక ఫోన్ చేసింది. షెడ్డు గోడ గరుకుగా ఉన్నా గీత చక్కగా వస్తోందట. మన పిల్లలే కాక చిప్పగిరి నుంచి వచ్చిన కూలీల పిల్లలూ కూర్చుంటున్నారట. దీప భిన్నాల దాకా వచ్చిందట. ఎవరైనా చెప్పండి, సుగ్గికి బడిని మోసుకెళ్లిన పిల్ల మా తాలూకాలో ఇంకెవరున్నారు? కోతలు ముగించుకొని, దీపను పరీక్షలకు తయారుచేసి, ఉగాదికి ముందురోజు, అంటే మార్చి పద్దెనిమిది బుధవారం, మా రేణుక ఊళ్లో లారీ దిగుతుంది.