మా గడప ముంగట

చాంద్రాయణగుట్టలో షేర్ ఆటో ఎక్కాను. పక్కన పెద్ద బొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడ. ఆమె ఒళ్ళో మనవరాలు టీకా వేసిన చెయ్యి పట్టుకుని వెక్కుతోంది. ఎదురుగా బురఖా వేసుకున్నామె, నిద్రపోతున్న తన పాపకు చున్నీ కప్పి కూర్చుంది. ఆమెకు తెలుగు రాదనుకున్నాను. ఎందుకనుకున్నానో!

"మీరు నయం, టీకా వేయించారు. ఇక్కడ వీళ్ళు వేయించరట కదా, వాళ్ళ పార్టీవాళ్ళ మాటలు విని," అన్నాను పెద్దావిడతో.

ఆమె ముఖం చిట్లించింది. "మా ఇంట్ల వద్దన్నది నా కొడుకే సారూ. ఈ సర్కారు సూది మాకొద్దని మస్తు లొల్లి చేసిండు. ఈ ఎదురుంగ కూసున్న నస్రీన్ మా పక్కింటామె. పొద్దుగాల ముందుగాల తన బిడ్డకు ఏపిచ్చుకొచ్చి మా గడప ముంగట ఆడిపిచ్చింది. పిల్లకు ఏం గాలేదని కండ్లార చూసినంకనే వాడు సరే అన్నడు. ఎప్పుడు సూదేపియ్యాలన్నా మా ఇంట్ల గింతే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నస్రీన్ మాత్రం కోపగించుకోలేదు. "మీ ఊర్ల అందరు ఏపిస్తరా భాయ్?" అనడిగింది, చక్కటి తెలుగులో.

మా తమ్ముడు గుర్తొచ్చాడు. తనకు గిట్టని ప్రభుత్వం వేస్తోందని వాడు కూతురికి ఇప్పటికీ టీకా వేయించలేదు.

"అందరూ వేయిస్తారమ్మా," అన్నాను.

"మంచిగుంది భాయ్," అంది నస్రీన్. ఆమె నా మాట నమ్మింది.