కారిజం పాఠం

రాజమండ్రిలో స్కానింగు సెంటరు బయట బెంచీ మీద కూర్చుంటే, ఎదుటి హోటల్లోంచి మిరియాలు వేసి వేపుతున్న కారిజం వాసన వచ్చింది. లోపల మా అక్క ఉంది. అక్క కాలేయం చెడిపోయింది. నా కాలేయంలోంచి ముక్క కోసి పెట్టడానికి కుదురుతుందో లేదో ఇవాళ తేలుస్తామన్నారు. ఆ వాసన మాత్రం నా భయం ఏమీ పట్టనట్టు నన్ను నిడదవోలు దగ్గర మా పల్లెకి లాక్కుపోయింది.

మా నాన్న మిషన్ స్కూల్లో సైన్సు మాస్టారు. క్రిస్మస్ ముందు రోజు పొద్దున్నే, మంచు ఇంకా కొబ్బరి మట్టల మీంచి బొట్లు బొట్లుగా రాలుతుండగానే, వీధిలో నాలుగైదిళ్ల వాళ్లు కలిసి మేకపోతును కోయించి, చాప మీద అరిటాకులు పరిచి వాటాలు వేసేవారు; మేకకి కారిజం, అదే కాలేయం, ఒక్కటే కాబట్టి ప్రతి వాటాలోనూ తలా ఒక ముక్క పడాలి, పడకపోతే ఆడవాళ్లు ఊరుకునేవారు కారు. సరిగ్గా దాని మీద కత్తి పెట్టబోయేసరికి నాన్న అడ్డం పడేవారు.

"ఆగండి బాబూ, పిల్లలకి చూపించాలి."

"ఏంటి మాస్టారూ, పండగ పూట కూడా పాఠమేనా అండీ?" అని పక్కింటి మరియమ్మత్త గిన్నె నడుముకి ఆనించుకుని సణిగేది.

నాన్నకి పట్టేది కాదు. ఇంకా వెచ్చగా ఉన్న ఆ ఎర్రటి ముద్దను అరచేతుల్లోకి తీసుకుని, ఇది పెద్ద తమ్మె, ఇది చిన్నది, మనిషికైతే కుడి పక్కన డొక్క కింద దాక్కుని ఉంటుంది, కింద వేలాడే ఈ ఆకుపచ్చ సంచిలో పైత్యరసం, ఇది పగిలితే వాటాలన్నీ చేదు, ఇదిగో ఈ లావుపాటి సిరలోంచే మనం తిన్న ప్రతి మెతుకు సారమూ లోపలికి వెళ్తుంది అని చెప్పుకుపోయేవారు. ఆ చేదు సంచి పగలకుండా కోసి తీయడం అక్క పని. నాలుక కొద్దిగా బయట పెట్టి, ఊపిరి బిగబట్టి తీసేది. వీధి వీధంతా తన వంకే చూసేది. కోస్తే మళ్లీ పెరిగే అవయవం ఇదొక్కటే అని నాన్న చెప్పినప్పుడు, మరైతే మేక ఎందుకు చచ్చిపోయిందని నేనడిగి అందర్నీ నవ్వించాను.

మొన్న వేసవిలో అక్క కళ్లు పచ్చబడ్డాయి. మా వైపు కామెర్లంటే ఆసుపత్రి గుమ్మం తొక్కరు, పరగడుపున పసరు పోయించుకుని, ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు తింటారు. అంత పాఠం విన్న అక్క కూడా అదే చేసింది. పచ్చదనం తగ్గితే జబ్బు పోయిందని సంబరపడ్డాం. అసలు జబ్బు లోపల తన పని తాను చేసుకుపోయింది.

స్కానింగు అయ్యాక డాక్టరు గారు నన్నొక్కణ్ణే పిలిచి, కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉందని, అది నాన్న చూపించిన ఆ లావుపాటి సిరలోకి పాకిందని, ఇక కాలేయం మార్చినా లాభం లేదని చెప్పారు. నాన్న పోయారు, మరియమ్మత్త పోయింది, కలిసి పోతును కోయించుకునే వాళ్లే వీధిలో లేరు, మాంసం కవర్లలో వస్తోంది. ఆ పొద్దుట్లు గుర్తున్నది అక్కకీ నాకే. రేపు నా ఒక్కడికే.

అక్కతో అబద్ధం చెప్పలేకపోయాను, నిజమంతా చెప్పనూ లేకపోయాను. "నాది పెట్టడం కుదరదన్నారక్కా" అన్నాను.

అక్క నా డొక్క మీద చెయ్యి వేసి నిమిరింది. "అయితే నిన్ను కొయ్యరన్నమాట. హమ్మయ్య! ఆ దిగుల్తో నిద్రే పట్టట్లేదురా నాకు" అంది.