ఇన్‌షర్ట్ వేసుకొని గట్టుకు పోయిన రోజు

నా జీవితంలో నేను చేసిన పరిశోధన ఒకే ఒక్కటి. అది ఒక్క పూట సాగింది. ఆ పూట ముగిసేసరికి నేను గద్వాల అవతల గట్టు అనే ఊళ్లో ఒక టీ హోటల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో, పాతికమంది పత్తి రైతుల మధ్య, కదలడానికి వీల్లేకుండా కూర్చొని ఉన్నాను. అసలు ఫలితం రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. అది ఇంతకంటే ఘోరం. రెండూ చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లోవాళ్లు నాకు ఆ అలవాటు ఎప్పుడో చేశారు.

అప్పట్లో నేను వనపర్తిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. పాఠాలు చెప్పేవాళ్లకు ఒక జబ్బు వస్తుంది. క్లాసులో ఎవరూ ఎదురు చెప్పరు కాబట్టి, బయట కూడా మనం అన్నదే నిజమనుకుంటాం. నాకు ఆ జబ్బు బాగా ముదిరిన రోజుల్లో మా చెల్లెలు మంజులకు గట్టు నుంచి సంబంధం వచ్చింది.

అబ్బాయి పేరు శివకుమార్. డిగ్రీ చదివాడు. ఊళ్లో దరఖాస్తులు నింపే ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు, నాలుగెకరాల్లో కంపెనీల కోసం విత్తన పత్తి వేస్తాడు. పిల్లను చూడడానికి వచ్చిన రోజు అంతా సాఫీగానే నడిచింది. మిక్చర్ సగం అయ్యాక అబ్బాయి మేనత్త మురిసిపోతూ, "మావోడు ఫోన్ల ఆట ఆడిండంటె ఎవల్లు గెలువరు. హైద్రాబాద్‌ల కప్పు గూడ ఇచ్చిండ్రు," అంది.

మా అమ్మ చేతిలో మిక్చర్ ప్లేటు గాలిలోనే ఆగిపోయింది.

మంజుల మాత్రం తలెత్తి, "ఏం ఆట?" అని అడిగింది. అతను సిగ్గుపడకుండా చెప్పాడు. నలుగురు కలిస్తే ఒక జట్టట. చివరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టట. "దినాం రెండు గంటలు ఆడుత. దాసుకునేదేం లేదు," అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయాక మంజుల నా దగ్గరికి వచ్చింది. "అన్నా, నాకు ఇష్టమే. అడిగినదానికి సక్కగ జవాబు చెప్పిండు. ఇంతకుముందొచ్చినోళ్లు ముగ్గురు నా దిక్కు సూడకుండ మన టీవీ దిక్కు సూసిపోయిండ్రు."

అమ్మకు మనసు ఒప్పలేదు. "చెవులకు డబ్బాలు పెట్టుకొని గోడతోని మాట్లాడేటోడు బిడ్డా. రేపు నలుగురు చుట్టాలొస్తె లేసి రమ్మంటడా? ఆ ఇంట్ల నువ్వెవల్తోని మాట్లాడుతవు?"

ఇక్కడ నేను గొంతు సవరించుకున్నాను. ఆ గొంతు సవరింపు విన్నప్పుడే మా ఇంట్లోవాళ్లు బయటికి పరుగెత్తి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"అమ్మా, బాయిల్ సూత్రం అని ఒకటున్నది. ఒత్తిడి పెరిగితే గాలి ఘనపరిమాణం తగ్గుతది. గట్లనే ఆట పెరిగితే దోస్తులు తగ్గుతరు. కప్పు గెలిచేంత ఆటంటే దోస్తులు సున్నా అన్నట్టు. లెక్క సాఫ్."

"మరి నువ్వు ఏ ఆట ఆడవు గద," అంది మంజుల. "నీకెందరున్నరు దోస్తులు?"

అది ఇక్కడ అప్రస్తుతమని కొట్టిపారేశాను. ఆ ప్రశ్నను దయచేసి మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇంటి మనిషి ఒకరు ఆ ఊరికి పోయి, తాను ఎవరో చెప్పకుండా, అబ్బాయి మంచిచెడ్డలు అరుసుకొని వస్తారు. అవతలివాళ్లూ ఇదే పని చేస్తారు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ తెలియనట్టు ఉంటారు. దీనికి అనుభవం కావాలి. రెండు గంటలు వానల గురించి మాట్లాడి, లేచి పోతూ పోతూ అసలు ప్రశ్న జారవిడిచే నేర్పు కావాలి. ఆ నేర్పున్న మా మేనమామకు మోకాళ్ల నొప్పులు. అందుకని ఆ పని నా మీద పడింది. ఆదివారంలోగా అవునో కాదో వాళ్లకు మాట చెప్పాలి.

గేటు దాకా వచ్చిన మంజుల, "అన్నా, జర మంచిగ అడుగు. నీ సూత్రం ఇంట్లనే పెట్టి పో," అంది. గొంతులో వేళాకోళం లేదు. నేను సూత్రాన్ని వెంటబెట్టుకొనే బస్సెక్కాను.

గద్వాలలో బస్సు మారి గట్టులో దిగాను. ఇన్‌షర్ట్ వేసుకున్నాను, నల్ల బ్యాగు, జేబులో రెండు పెన్నులు. ఎవరి కంటా పడకుండా పోయి రావాలని తయారైన మనిషిని ఊరంతా ఆగి చూసింది. బస్టాండు పక్కన ఖాజా భాయ్ టీ హోటల్ ఉంది. ఖాజా భాయ్‌కి యాభై దాటి ఉంటాయి. టీ వడపోస్తూనే అడిగాడు.

"ఎవలు సార్ మీరు? కొత్తగ కనవడ్తుండ్రు."

దారి పొడుగునా అన్నీ ఆలోచించాను కానీ, ఈ ప్రశ్న వస్తుందని మాత్రం అనుకోలేదు. నోటికి ఏది దొరికితే అది అనేశాను.

"విత్తనాల కంపెనీ."

విత్తన పత్తి పండించే ఊళ్లో ఆ మాట అనడం, తేనెపట్టు కింద నిలబడి దాన్ని పేరు పెట్టి పిలవడం లాంటిది. అది నాకు ఐదు నిమిషాల తర్వాత తెలిసింది. ఆ ఐదు నిమిషాలూ నేను చాలా తెలివిగా పరిశోధన చేశాను.

"ఆన్‌లైన్ సెంటర్ అబ్బాయి, శివకుమార్, ఎట్లాంటోడు భాయ్?"

"శివనా? బంగారం సార్."

"దోస్తులున్నరా ఆయనకు?"

ఖాజా భాయ్ జల్లెడ పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "కంపెనీకి గింజలు గావాల్నా సార్, దోస్తులు గావాల్నా?"

జవాబు చెప్పేలోపు వెనక బెంచీ మీద నుంచి ఒక పెద్దాయన లేచాడు. తలకు తువ్వాల, చేతిలో సగం తిన్న మిర్చి. పేరు తిమ్మప్ప.

"ఏందీ, కంపెనీ సారా? మా గింజ పరీక్షల ఫెయిల్ అన్నరు. ఎందుకు ఫెయిల్ సార్?"

"అది... పై వాళ్లు చూస్తారండి."

"పైవోళ్లు కిందివోళ్లను అడుగుమన్నరు. మీరు పైవోళ్లను అడుగుమంటుండ్రు. నడుమల ఎవలున్నరు?"

తిమ్మప్ప రోడ్డు వైపు తిరిగి ఒకే ఒక్క కేక పెట్టాడు. "ఓ రాండ్రి! కంపెనీ సారు దొరికిండు!"

వచ్చాడని కాదు, దొరికాడని. ఆ మాటతోనే నా గతి ఏమిటో అర్థమైంది. అంతలోనే జనం చేరారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. మర్యాదకు లోటు లేదు, టీ మీద టీ ఇచ్చారు. బ్యాగు మాత్రం తిమ్మప్ప ఒళ్లో పెట్టుకున్నాడు. ఒకాయన పరుగున పోయి చేనులోంచి పత్తి చెట్టును వేళ్లతో సహా పీక్కొచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"దీనికి ఏం రోగమో చెప్పు సార్."

నేను ఆకును వెలుతురుకు ఎత్తి పట్టాను. తిప్పి చూశాను. ఫిజిక్సులో ఆకు గురించి ఏమీ లేదు.

"నీళ్లు తక్కువైనట్టున్నాయి."

"మొన్నటికెంచి వాన విడువకపాయె గద సార్!"

"అయితే ఎక్కువైనట్టున్నాయి."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిమ్మప్ప నా బ్యాగును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "మేనేజరుకు ఫోన్ చెయ్యి సార్. ఆయన వచ్చెదాంక నువ్వు మా చుట్టానివి. యాడికి పోనియ్యం."

నాకు తెలిసిన మేనేజరు ఒక్కడే. మా వీధి చివర బ్యాంకులో ఉంటాడు. ఆయన కూడా నన్ను గుర్తుపట్టడు.

"గిట్ల గాదు. అర్జీ రాసి సారు సంతకం తీసుకుందాం," అన్నాడొకాయన. "శివను పిలువుండ్రి. వాడైతె మంచిగ రాస్తడు."

నా గుండె కిందికి జారి బూట్లలో పడింది. ఎవరికీ తెలియకుండా ఎవరి గుట్టు లాగుదామని వచ్చానో, సాక్షాత్తూ వాడినే నా మీద అర్జీ రాయడానికి పిలుస్తున్నారు. తప్పుడు సంతకం పెట్టినవాడి చెల్లెల్ని ఎవరు చేసుకుంటారు? మంజుల ముఖం కళ్ల ముందు మెదిలింది.

శివకుమార్ వచ్చాడు. మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది. నన్ను చూశాడు. ఒళ్లో ఉన్న పత్తి చెట్టును చూశాడు. రెండు పెన్నులను చూశాడు. అప్పటికే విషయమంతా అర్థమైపోయి ఉంటుంది. అతను నవ్వి ఉంటే నేను ఆ చెట్టు వెనకే దాక్కునేవాణ్ని. నవ్వలేదు.

"అన్నా, తిన్నవా?" అన్నాడు.

తర్వాత జనం వైపు తిరిగి, "కంపెనీ సారు గాదు పెద్దనాయినా. మా వనపర్తి చుట్టం. నన్ను సూడనీకి వచ్చిండు."

"మరి కంపెనీ అనె?"

"చెప్పనీకి సిగ్గైంది గావచ్చు."

తిమ్మప్ప నన్ను ఎగాదిగా చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన ముఖం విప్పారింది. "ఓహో! అరుసుకోనీకి వచ్చినవా? పిల్లకు అన్నవా? ఏనప్పా, గది ముందుగాల చెప్పొద్దా! అనవసరంగ చెట్టు పీకిస్తివి!"

ఆ తర్వాత నా రహస్య విచారణ పాతికమందితో బహిరంగ సభగా జరిగింది. నేను ఏమీ అడగనక్కరలేకపోయింది. తిమ్మప్పే ముందు మొదలుపెట్టాడు.

"నిరుడు నా కోడలు కాన్పుకు గద్వాల దవాఖానల ఉండె. రక్తం తక్కువున్నది, తెమ్మన్నరు. ఎవల్ని అడగాల్నో తెల్వక గోడకు ఆనుకొని నిలవడ్డ. వీడు చెవులకు పెట్టుకునే ఆ డబ్బాల ఒక్క మాట చెప్పిండు సార్. గంటల ఇద్దరొచ్చిండ్రు. మొకం ఎరుగనోళ్లు. నా మనుమరాలు గిప్పుడు నడుస్తున్నది."

"వాళ్లెవరు?" అన్నాను.

"ఆటలోళ్లు అన్నా," అన్నాడు శివ మామూలుగా. "వేరే జట్లోళ్లు. ఆటల కొట్లాడుకుంటం, మళ్ల ఫోన్ల మాట్లాడుకుంటం."

"మరి నీ జట్టు?"

"కోడేరుల కోతమిషన్ నడిపే అన్న ఒకాయన. నాగర్‌కర్నూల్ దవాఖానల నర్సక్క ఒకామె. మూడో ఆయన గీడనే ఉన్నడు."

ఖాజా భాయ్ జల్లెడ ఎత్తి సలాం చేశాడు. "నేను ఎనకకెంచి కాపలా సార్. శివ ముంగట ఉరుకుతడు. ఒక్కడే ఉరికితె కప్పెట్ల వస్తది? మేం లేకుంటె వాడు ఐదు నిమిషాల ఖతం."

దోస్తులు సున్నా అని లెక్క తేల్చిన అబ్బాయి వాళ్ల ఇంట్లో జొన్నరొట్టె తిని, వాళ్ల సంచిలో పల్లికాయ పోయించుకొని, తిమ్మప్ప బస్సు ఆపి ఎక్కిస్తే ఇంటికొచ్చాను. "అన్ని విధాలా పరిశీలించాను. ఖాయం చేసుకోవచ్చు," అని గంభీరంగా ప్రకటించాను. చెట్టు సంగతి చెప్పలేదు. మంజుల నన్ను మొదటిసారి గౌరవంగా చూసింది. ఆ గౌరవం సరిగ్గా మూడు వారాలు నిలిచింది.

నిశ్చితార్థానికి ముందు ఒక ఉదయం శివ వాళ్ల నాయన చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. పద్ధతి ప్రకారం మా వీధిలో అరుసుకున్నాడు. అరుసుకొని తిరిగిపోవాల్సిన మనిషి, మనసు ఆగక లోపలికి వచ్చాడు. నేను పక్క గదిలో షర్టు ఇస్త్రీ చేసుకుంటున్నాను.

"అక్కా, మిమ్ముల అందరు మంచిగనే చెప్పిండ్రు," అంటున్నాడు. "పిల్లనైతె ఇంక మంచిగ చెప్పిండ్రు. ఒక్క సంగతే జర పరేషాన్ చేస్తుంది."

"ఏందన్నా?" అంది అమ్మ.

"మీ పిలగాడు. ఎదురుంగ కిరాణం ఆయన్ను అడిగిన. 'ఆ ఇంటికి కొడుకున్నడా? బండి మీద పోయొచ్చే సారా? ఆయన కిరాయికుంటున్నడనుకున్న,' అన్నడు."

ఆ కిరాణం ముందు మేము పదకొండేళ్లుగా ఉంటున్నాం.

"పక్కింటామె, 'ఎన్నడు నోరు తెరువంగ సూడలే,' అన్నది. కాలేజీ గేటుకాడ వాచ్‌మన్ను అడిగిన. 'ఫిజిక్స్ సారా? టీ గూడ ఒక్కడే తాగుతడు,' అన్నడు. రేపు మా కోడలికి పుట్టింటి దిక్కు నిలవడేటోడు అన్ననే గదక్కా. నలుగుట్ల కలువకుంటె ఎట్ల?" ఆయన గొంతు తగ్గించాడు. "ఏమనుకోవద్దు... మీవోడు గూడ ఫోన్ల ఆట ఆడుతడా ఏంది?"

మా అమ్మ, కన్నతల్లి, పెద్ద నిట్టూర్పు విడిచింది.

"లేదన్నా. వానికి ఆట గూడ రాదు."

తలుపు వెనకాల మంజుల నోట్లో చున్నీ కుక్కుకొని నేల మీదికి జారిపోయింది. నేను షర్టు మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయాను. ఇన్‌షర్ట్ వేసుకున్నా దాగని చోట కాలింది.

పెద్దాయన ఆ మాట పట్టుకొని ఇంటికి పోయి కొడుకుకు చెప్పాడు. సాయంత్రం శివ ఫోన్ చేశాడు. ఈసారి 'అన్నా' అనలేదు.

"బావా, నాయినకు నేను చెప్పిన. పరేషాన్ గాకు. ఆయనకిప్పుడు ఏ ఫికరు లేదు."

"ఏం చెప్పినవు?"

"ఇగ మావోడే, మేం సూసుకుంటమని చెప్పిన. మిషన్ అన్న కోతలకు పోయిండు బావా. జట్టుల ఒక జాగ ఖాళీ ఉన్నది."

పెళ్లి బాగా జరిగింది. ఖాజా భాయ్ టీ కాశాడు. కోతలు అయిపోయి మిషన్ అన్న తిరిగి వచ్చినా నన్ను తీసెయ్యలేదు. ఎవరికి పని ఉంటే వాళ్ల జాగాలో ఇప్పటికీ ఆడుతున్నాను. మైదానంలో దిగిన నిమిషంలోపే నా మనిషి చచ్చిపోతాడు. "ఫిజిక్స్ సార్, తలకాయ దాసుకోవయ్యా!" అని ఖాజా భాయ్ అరుస్తాడు. నర్సక్క మాత్రం తిన్నావా లేదా అని అడుగుతుంది. చచ్చిపోయాక తీరిక ఎక్కువ కాబట్టి అందరితో మాట్లాడేది నేనే.

కాబట్టి పాఠకులారా, కాలిన ఆ షర్టు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇన్‌షర్ట్ వేసుకొని గద్వాల దాటను. ఎవరైనా అడిగితే పేరు తప్ప కంపెనీ చెప్పను. ఇంట్లో ఉప్పు అయిపోతే నేనే పోయి తెస్తాను, కిరాణం ఆయన నన్ను ఇంటి మనిషినని ఒప్పుకునేదాకా తెస్తూనే ఉంటాను. ఒకడికి ఎందరు దోస్తులున్నారో లెక్కగట్టే పని జన్మలో పెట్టుకోను. బాయిల్ సూత్రాన్ని ఇకనుంచి గాలికే వాడతాను.