బోణీ చెయ్యి

మొన్న సాయంత్రం మా అక్క మనవరాలు ఉద్యోగం నుంచి మామూలుకంటే ముందే వచ్చేసి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో కూలబడింది. ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండి, కొండపల్లి దగ్గర ఒక గిడ్డంగిలో పనిచేస్తోంది. జనం ఫోన్లలో కొనుక్కునే సరుకును ఊళ్లకు పంపే కంపెనీ అది. గిరాకీ పడిపోయిందని కొన్నాళ్లుగా వింటూనే ఉన్నాం గాని, ఆమె ఫోనుకు వచ్చిన సందేశంలో గిరాకీ మాటే లేదు. పనితీరులో మార్కులు తగ్గాయి గనుక రేపటినుంచి రానక్కరలేదని ఉంది. "నేనేం తప్పు చేశాను తాతయ్యా?" అని అడిగింది. నేను నా గదిలోకి వెళ్లి, పాత డైరీల వరసలోంచి ఒకటి తీశాను. నేను చూడాలనుకున్న పేజీలో "బావ ఆఫీసుకు రాలేదు" అన్న ఒక్క వాక్యమే ఉంది.

మా ఊరి వన్ టౌన్ వర్తకం ఎరిగిన నా ఈడువాళ్లకు బోణీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మా అక్క భర్త అక్కడొక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పెద్ద గుమాస్తా, నన్ను అందులో చేర్పించిందీ ఆయనే. రోజూ పొద్దున్నే అగరువత్తులు వెలిగించి, యజమాని కలాన్ని కళ్లకద్దుకుని బావకిచ్చేవాడు. సరుకుకు రాసిచ్చే రసీదును మేము బిల్టీ అనేవాళ్లం. రోజు మొదటి బిల్టీ, అంటే మా బోణీ, బావ చేత్తోనే పడాలి. సబ్బుతో చేతులు కడుక్కుంటేగాని బావ ఆ కలం ముట్టుకునేవాడు కాదు. ఒకసారి ఒళ్లు కాలిపోతున్నా రిక్షాలో వచ్చి, ఆ ఒక్క బిల్టీ రాసి, అదే రిక్షాలో ఇంటికి వెళ్లాడు. ఆయన చెయ్యి అంత కలిసొచ్చేదని యజమాని వచ్చేపోయేవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

తరవాత బజారు చచ్చిపోయింది. మిల్లుల్లో బియ్యం కదలలేదు, గోడౌన్లలో గుడ్డల బేళ్లు కదలలేదు. లారీలన్నీ రోడ్డు వారగా నిలిచిపోతే, వాటి నీడన డ్రైవర్లు పేకాడుకుంటూ, "బండి కింద కోళ్లను పొదగేశామండీ, బాడుగ రాకపోయినా పిల్లలొస్తాయి" అని నవ్వించేవారు. వీధిలో ప్రతి ఆఫీసూ ఎవరో ఒకర్ని మాన్పించేస్తోంది. మా ఆఫీసులో ఉన్న గుమాస్తాలం ఇద్దరమే, నేనూ బావా. నేను ఒంటివాణ్ణి, బావకు ముగ్గురు పిల్లలు, జీతం కూడా ఆయనదే ఎక్కువ. అయితే జీతాలివ్వలేకపోతున్నానని యజమాని నోరు విప్పి అనలేడు. ఆ మాట బయటికి పొక్కితే ఆ ఆఫీసును నమ్మి సరుకు అప్పగించేవాడుండడు. ఆయనకు ఇంకేదో కారణం కావాలి.

ఒకనాడు పొద్దున్న ఆయన కలం నావైపు చాపాడు.

"ఇవాళ నువ్వు రాయవయ్యా. మీ బావ చెయ్యి చల్లబడినట్టుంది."

"బజారంతా పడుకుంటే చేతిదేముందండీ?" అన్నాను.

"నీకెందుకయ్యా తర్కం? రాయమంటే రాయి."

బావ అప్పటికే చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. వేళ్ల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "రాయరా," అన్నాడు మెల్లగా. రాశాను. ఆ మధ్యాహ్నం ఇంకో ఆఫీసు లారీ గుంటూరు దారిలో చెడిపోయి, దాని మిరప బస్తాలు మాకొచ్చాయి. యజమాని జిలేబీ తెప్పించి, మహత్తంతా నా చేతిలోనే ఉందని అందరికీ పంచాడు. బావ కూడా తిన్నాడు. సాయంత్రం ఆయన్ని ఇక రావద్దన్నారు. నా డైరీలో ఆ ఒక్క వాక్యం మర్నాటిది.

ఉద్యోగం పోవడంతో ఆగినా బాగుండేది. ఆయన చెయ్యి మంచిది కాదన్న మాట వీధంతా పాకింది. కాలం మారి లారీలు మళ్లీ కదిలినా, పనిమంతుడని తెలిసినా, ఏ ఆఫీసూ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. ఉయ్యూరులో చెరకు కాటా దగ్గర సీజను గుమాస్తాగా చేసి, చివరికి అక్కడే చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు తెరిచిన రోజున అందరి ఎదుటా, "మంచి చెయ్యి నీదేగా బావమరిదీ, బోణీ నువ్వే చెయ్యరా!" అన్నాడు. అందరూ నవ్వారు. అది ప్రేమో దెప్పిపొడుపో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పవలసిన మనిషి పోయాడు.

ఇవాళ పొద్దున్న మనవరాలు ఇంకో కంపెనీకి దరఖాస్తు నింపి, ఫోను నా ముందుకు తెచ్చింది. "ఇక్కడ నువ్వు నొక్కు తాతయ్యా. మా తాత చెయ్యి కలిసిరాలేదు గాని నీది మంచి చెయ్యని అమ్మమ్మ ఎప్పుడూ అంటుందిగా" అంది. అంటే అన్నేళ్లూ మా అక్క కూడా ఆ మాట నమ్ముతూనే ఆయనతో కాపురం చేసిందన్నమాట.

ఇప్పుడు ఆ కలమూ లేదు, అగరువత్తులూ లేవు. ఆ యజమాని కనీసం బావ తడి చేతులను చూస్తూ ఆ మాట అనవలసి వచ్చింది. ఈ పిల్లకు మార్కులు వేసిందెవరో, అసలు మనిషేనో కాదో కూడా తెలియదు. బజారు పడిపోయిందన్న నిజం మాత్రం అప్పుడూ ఎవరూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"నీ చేతికేం లోటమ్మా, నువ్వే నొక్కు," అన్నాను. ఆమె నమ్మలేదు. ఫోను అలాగే పట్టుకుని, నా చేతికేసి చూస్తూ నిలబడింది.