హెడ్మాస్టరు సారు పెట్టిన వడియాలు

మా కాలనీ బడి హెడ్మాస్టరు సారు మొన్న గురువారం తెల్లవారుజామున గుండెపోటుతో కన్నుమూశారు. పాలు పోసే ఆమె వచ్చి ఆ మాట చెబితే ఆమె మీదే అరిచాను. "ఏంది, నోటికొచ్చినట్టు మాట్లాడతాండావు? నిన్న సాయంత్రమే మిద్దె దిగిపోతా నాతో మాట్లాడినాడు గదా!" పాపం, ఆమె తప్పేముంది.

మా ఊరు గండికోట ప్రాజెక్టు నీళ్ల కింద మునిగాక కొండాపురం దగ్గర కట్టిచ్చిన కాలనీ ఇది. బడి గోడా మా ఇంటి గోడా ఒకటే. పెద్ద మిద్దె బడికే ఉంది కాబట్టి ఎండాకాలం సెలవుల్లో ఆడవాళ్లమంతా మిరపకాయలూ వడియాలూ అక్కడే ఎండబెట్టుకునేవాళ్లం. కొన్నేళ్ల కిందట, బడుల్లో బొగ్గు కరెంటు వాడకం తగ్గించాలని సర్కారు ఒక పథకం తెచ్చి ఆ మిద్దె మీద సోలారు పలకలు బిగించింది. నల్లగా, నున్నగా, ఎండకు ఎదురుగా ఉన్నాయి. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? గుడ్డ కూడా పరచకుండా అద్దం మీదే వడియాలు పెట్టేశాను. వాటిమీద చినుకులు పడి పిండంతా అతుక్కుపోతే అట్లాగే వదిలేసి వచ్చాను.

బడి తెరిచిన వారానికే తనిఖీ ఆఫీసరు వచ్చాడు. మీటరులో కరెంటు తక్కువ ఉండటం చూసి, మిద్దె ఎక్కి మండిపడ్డాడు. "ఇట్లా ఉంటే పలకలు వేరే బడికి తీసుకుపోతాం. ఈ పిండి ఎవరిది?" పలకలు పోతే వాటితో వచ్చిన ఫ్యాన్లూ కంప్యూటర్లూ పోతాయి. పెరట్లో నిలబడి వింటున్న నేను గోడ చాటుకు నక్కాను.

"నాదే సార్. నేనే పెట్టినా" అన్నారు మా సారు.

"మీరు వడియాలు పెడతారా?"

"శానా బాగా పెడతా సార్. ఈసారి వచ్చినప్పుడు తిందురుగానీ."

ఆఫీసరు నవ్వాపుకోలేక మూడు నెలల గడువిచ్చి పోయాడు.

సాయంత్రం సారు మా గుమ్మం ముందుకు వచ్చారు. "ఏమ్మా, ఒడియాలు పెట్టేది నాకు నేర్పియ్యి. ఆఫీసరుకు మాటిచ్చినా."

"నన్నెందుకు అడుగుతాండారు సారూ?" అని బుకాయించాను.

"ఈ కాలనీలో వంకర ఒడియాలు ఇంకెవురివి మ్మా?"

సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "సర్కారోళ్లు ఎండకు పలకలు పెట్టినారు, నేను ఎండకు ఒడియాలు పెట్టినా. ఏం పాపం?" అని ఎదురు తిరిగాను. ఆయన నవ్వారు. "ఈడ ఫ్యాను తిరిగితే ఆడ థర్మల్లో బొగ్గు కాలుతాది మ్మా. ఆ పలకలకు ఎండ తగిలితే అంత బొగ్గు మిగులుతాది. అంతే" అన్నారు.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి మిద్దె మీద ఒక పక్క నాపబండలు పరిపించారు. "పలకలు బడివి, బండలు మీవి. ఒడియాలు పెట్టేటోళ్లు పలకలు తుడిచి పోవల్ల" అన్నారు. అప్పట్నుంచి పొద్దున్నే పాత చీర గుడ్డలు తడిపి వంతులవారీగా తుడుస్తున్నాం. సారూ ఒక వంతు తీసుకున్నారు. గడువు లోపలే మీటరు జోరుగా తిరిగింది. పలకలు ఎక్కడికీ పోలేదు.

వడియాలు మాత్రం ఆయనకు చివరిదాకా చేతకాలేదు. మధ్యాహ్న భోజనంలో పిల్లలకు పెట్టాలని ప్రతి ఎండాకాలం కూర్చునేవారు. నేను ఎగతాళి చేస్తే, "ఎండకు వంకరా గుండ్రమా తెలీదు మ్మా. అన్నిట్నీ ఒకే రకంగా ఆరబెడతాది" అనేవారు.

ఇన్నేళ్లలో ఒక్కసారైనా నోరు తెరిచి "తప్పు నాదే సారూ" అనలేకపోయాను. ఆయనా అడగలేదు. ఇప్పుడంటున్నాను, ఏం లాభం?

శుక్రవారం సమాధి దగ్గర నుంచి వచ్చి మిద్దె ఎక్కాను. ఆ రోజు తుడిచే వంతు సారుది. పలకలన్నీ తుడిచాను. పక్కన బండ మీద ఆయన బుధవారం పెట్టిపోయిన వడియాలు ఒకవైపు ఎండి గుడ్డకు కరుచుకుని ఉన్నాయి. గుడ్డ తిరగేసి, వెనక నీళ్లు చిలకరించి, ఒక్కొక్కటే ఊడదీసి రెండోవైపు ఎండకు తిప్పి పెట్టాను. ఒక్కటీ గుండ్రంగా లేదు.